ఆరు నెలల సావాసం: పీర్ చెప్పిన మాట ఎందాకా పోతుంది?

మొహర్రం నెలలో నెల్లూరు బారాషహీద్ దర్గా పక్కన, స్వర్ణాల చెరువులో జరిగే రొట్టెల పండుగ చూసినవాళ్లకు ఒక సంగతి తెలుసు. అక్కడ ఎవరి చేతిలో రొట్టె ఉంటే వాళ్ల దగ్గర తీసేసుకోరు. ఉద్యోగం కావాలనుకునేవాళ్లు ఉద్యోగం రొట్టె ఎవరిస్తారా అని నీళ్లలో వెతుక్కుంటూ తిరుగుతారు. ఆ రొట్టె ఇచ్చేది ఒకప్పుడు అదే కోరికతో అదే చెరువులో నిలబడి, కోరిక తీరాక మళ్లీ వచ్చిన మనిషి. సంతానం రొట్టె, చదువు రొట్టె, ఆరోగ్యం రొట్టె, అన్నిటికీ అదే లెక్క. మన బాధ పడి, దాన్ని దాటి వచ్చినవాళ్ల చేత్తో ఇస్తేనే ఆ రొట్టెకు విలువ.

హెచ్ఐవీ నివారణలో పీర్ ఎడ్యుకేటర్ల పద్ధతి కూడా ఇలాంటి నమ్మకం మీదే నిలబడి ఉంది. ఇక్కడ పీర్ అంటే మొహర్రం పీరు కాదు, తోటివాళ్లకు జాగ్రత్తలు చెప్పే వాళ్లలోనే ఒక మనిషి. డాక్టరు చెప్తే విననివాళ్లు, పోస్టరు చూసి తల తిప్పుకునేవాళ్లు, తమలాంటి మనిషి పక్కన కూర్చుని చెప్తే వింటారని ఆ నమ్మకం. అందుకే జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) ప్రమాదం ఎక్కువగా ఉన్నవాళ్ల కోసం నడిపే టి.ఐ. (టార్గెటెడ్ ఇంటర్వెన్షన్) ప్రాజెక్టుల్లో సెక్స్ వర్కర్లతో మాట్లాడే పీర్ కూడా ఒక సెక్స్ వర్కరే అయి ఉంటుంది. సుమారు 60 మందికి ఒక పీర్ ఉండాలని ఆ సంస్థ లెక్క. సూదితో మత్తుమందు తీసుకునేవాళ్లలో అయితే 40 మందికి ఒకరు. ఆ పీర్ వాళ్లను తరచూ కలవాలి, కండోమ్‌లు అందించాలి, ఆరు నెలలకోసారి ఐసీటీసీలో, అంటే హెచ్ఐవీ సలహా, పరీక్షల కేంద్రంలో, పరీక్షకు తీసుకెళ్లాలి, పాజిటివ్ అని తేలితే హెచ్ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్ దాకా వెంట వెళ్లాలి.

ఈ పని మనకు ఎంత అవసరమో 2021 అంచనాలు చూస్తే తెలుస్తుంది. దేశం మొత్తం మీద పెద్దవాళ్లలో హెచ్ఐవీ ఉన్నవాళ్లు 0.21 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 0.67 శాతం. మిజోరం, నాగాలాండ్, మణిపూర్ తర్వాత మన రాష్ట్రమే. చెన్నై-కోల్‌కతా హైవే నెల్లూరు, కావలి, ఒంగోలు మీదుగా పోతుంది. కృష్ణపట్నం పోర్టు లారీలు, చీమకుర్తి గ్రానైట్ లారీలు, రొయ్యల లారీలు రాత్రీ పగలూ ఈ దారినే తిరుగుతాయి. కనిగిరి, మార్కాపురం వైపు నుంచి పనుల కోసం హైదరాబాద్‌కూ బెంగళూరుకూ వెళ్లే కుటుంబాలు లెక్కలేనన్ని. ఇంత కదలిక ఉన్నచోట నివారణ మాట కూడా కదలాలి. దాన్ని మోసుకెళ్లాల్సింది పీర్.

అయితే "తమలాంటి మనిషి" అన్న మాటలోనే చిక్కంతా ఉంది. ఎందులో తమలాంటి? వయసులోనా, కులంలోనా, భాషలోనా, చేసే పనిలోనా, పడే భయంలోనా? ఎంత పోలిక ఉంటే మాట వింటారు? ఎంత దాటితే ఆ పోలికే అడ్డమవుతుంది? పీరూ ఆమె పరిచయస్తులూ ఒకేలా జాగ్రత్తగా ఉంటున్నారంటే, అది పీర్ మాట మహిమేనని ఎలా చెప్పగలం?

మనుషులు తమలాంటివాళ్లతోనే ఎక్కువగా స్నేహం చేయడాన్ని సామాజిక శాస్త్రంలో హోమోఫిలీ అంటారు. 1954లో లజార్స్‌ఫెల్డ్, మెర్టన్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలు ఈ పేరు పెట్టారు. ఆ సంగతి మనకు అంతకు ఎంతో ముందే తెలుసు. ఏ గూటి పక్షులు ఆ గూటికే చేరతాయని మన అవ్వలు చెప్పనే చెప్పారు. కొత్త విషయాలు జనంలోకి ఎలా పాకుతాయో పరిశీలించిన ఎవరెట్ రోజర్స్ దీనికి ఒక మెలిక చేర్చాడు. చెప్పేవాడూ వినేవాడూ అచ్చంగా ఒకేలా ఉంటే వాళ్ల మధ్య కొత్త కబురే పుట్టదు. ఇద్దరికీ తెలిసింది ఒకటే కదా. అసలు పొంతనే లేకపోతే కబురు చెవికెక్కదు. మిగతా అన్నిటిలో దగ్గరగా ఉండి, చెప్పదలచుకున్న ఆ ఒక్క విషయంలో మాత్రం చెప్పేవాడు కొంచెం ముందుండాలి.

స్వర్ణాల చెరువులో రొట్టె ఇచ్చే మనిషి అలాంటివాడే. మంచి పీర్ కూడా అంతే. హెచ్ఐవీ ఉండి క్రమం తప్పకుండా మందులు వేసుకుంటూ, వైరస్ పరీక్షలో కనిపించనంతగా తగ్గిన ఒకామె "చూడమ్మా, నాకూ నీలాగే కాళ్లు వణికాయి. ఇవాళ పనికి పోతున్నా, పిల్లల్ని చదివిస్తున్నా" అంటే అది ఏ కౌన్సెలరూ చెప్పలేని మాట. వైరస్ అలా అణిగి ఉన్నంతకాలం సంభోగం ద్వారా అవతలి మనిషికి అంటదని పెద్ద పెద్ద పరిశోధనల్లోనే రుజువైంది. ఆ సంగతి కరపత్రంలో చదవడం వేరు, ఆమె నోట వినడం వేరు.

అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో హార్ట్‌ఫర్డ్ అనే ఊరుంది. 2000 తర్వాతి తొలి ఏళ్లలో అక్కడ హెరాయిన్, క్రాక్ వాడేవాళ్లనే తీసుకుని పీర్ హెల్త్ అడ్వొకేట్లుగా శిక్షణ ఇచ్చారు. ముందు మత్తు మానేసి రండి అని షరతు పెట్టలేదు. వాళ్లు తమ జట్టులోని వాళ్లకు కండోమ్‌లు, ప్రమాదం తగ్గించుకునే సామగ్రి అందిస్తూ, ఎలా జాగ్రత్తపడాలో చూపించారు. తర్వాత చూస్తే పరిచయస్తులలోనే కాదు, ఆ అడ్వొకేట్లలో కూడా ప్రమాదకరమైన అలవాట్లు తగ్గాయి. ఇతరులకు చెప్పే బాధ్యత నెత్తిన పడ్డాక మనిషి తనూ మారతాడు. పీర్ అంటే కరపత్రాలు పంచే చేయి అనుకునే అధికారులు ఈ సంగతి గమనించాలని నాకు గట్టిగా ఉంటుంది.

అంతకన్నా ముందు, మిసిసిపి రాష్ట్రంలోని బిలాక్సీలో జెఫ్రీ కెల్లీ బృందం చేసి, 1991లో ప్రచురించిన ప్రయోగం ఒకటి ఉంది. స్వలింగ సంపర్కులు కలుసుకునే బార్లలో నలుగురూ ఎవరి మాట వింటారో అక్కడ మందు పోసేవాళ్లనే అడిగి తెలుసుకున్నారు. అలా తేలినవాళ్లకు శిక్షణ ఇచ్చి స్నేహితులతో మాట్లాడమన్నారు. కండోమ్ లేని సంపర్కం చేసేవాళ్లు దాదాపు పావు వంతు తగ్గారు. ఇందులో మనవాళ్లకు పనికొచ్చేది ఎంపిక పద్ధతి. ఎవరు పీర్ కావాలో ఆఫీసులో కూర్చుని నిర్ణయించలేదు. జనం ఎవరి చుట్టూ చేరతారో రోజూ చూసే మనిషిని అడిగారు.

ఇక్కడిదాకా కథ సాఫీగానే ఉంది. చిక్కు తర్వాత మొదలవుతుంది.

ఒంగోలులో ఒక పీర్ ఉందనుకుందాం. ఆమె ప్రతిసారీ కండోమ్ వాడుతుంది, ఆరు నెలలకోసారి పరీక్ష చేయించుకుంటుంది. ఆమె స్నేహితురాళ్లు పదిమందిలో ఎనిమిది మంది కూడా అంతే. ఆమె మాట విని మారారని వెంటనే రిపోర్టులో రాసేయాలనిపిస్తుంది. ఇక్కడ మన సామెతలే రెండు ఎదురెదురుగా నిలబడతాయి. "ఏ గూటి పక్షులు ఆ గూటికే" ఒకటి. "ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారు" ఇంకొకటి. మొదటిదాని ప్రకారం వాళ్లు ముందు నుంచే జాగ్రత్తపరులు, అందుకే ఒకరికొకరు దగ్గరయ్యారు. పీర్ కొత్తగా మార్చిందేమీ లేదు. రెండోదాని ప్రకారం దగ్గరయ్యాకే, ఆమెను చూసీ ఆమె మాట వినీ మారారు. మూడో దారి కూడా ఉంది. ఆ బస్తీకి దగ్గర్లోనే కొత్తగా పరీక్షా కేంద్రం తెరిచి ఉండవచ్చు, కండోమ్‌ల కొరత తీరి ఉండవచ్చు. అప్పుడు పీరూ స్నేహితురాళ్లూ అందరూ ఒకే గాలికి ఒకే వైపు వంగినట్టు.

మూడు కారణాలకూ బయటికి కనిపించే ఫలితం ఒకటే, అంటే పోలిక. ఒక్క రోజు సర్వే చేసి ఈ మూడింటినీ విడదీయడం ఎవరి తరమూ కాదు. విడదీయాలంటే కాలం కావాలి. పీర్ పని మొదలుపెట్టకముందు ఎవరెలా ఉన్నారో రాసి ఉండాలి. కొంతకాలం తర్వాత మళ్లీ చూడాలి. కొత్తగా కలిసినవాళ్లనూ పాత స్నేహితులనూ వేరుగా లెక్కించాలి. పీర్లు లేని ఇంకో చోట కూడా అదే కాలంలో ఏం జరిగిందో పక్కన పెట్టి చూడాలి.

ఆ పక్కన పెట్టి చూడటం ఎంత ముఖ్యమో చెన్నైలో తేలింది. కెల్లీ పద్ధతిని చైనా, ఇండియా, పెరూ, రష్యా, జింబాబ్వే దేశాల్లో పెద్ద ఎత్తున పరీక్షించారు. మన దేశంలో దానికి ఎంచుకున్నది చెన్నై. అక్కడి మురికివాడల వైన్ షాపుల చుట్టూ తిరిగేవాళ్లలో ఆ పని జరిగింది. 2010లో ఫలితాలు వచ్చాయి. పీర్లకు శిక్షణ ఇచ్చిన చోట ప్రమాదకరమైన అలవాట్లు బాగా తగ్గాయి. కానీ ఇవ్వని చోట కూడా దాదాపు అంతే తగ్గాయి. రెండు చోట్లా పరీక్షలు, కౌన్సెలింగ్, సుఖవ్యాధులకు చికిత్స అందాయి. ఆ సాయమే, పదేపదే వచ్చి అడిగిన ప్రశ్నలే జనాన్ని మార్చి ఉంటాయని పరిశోధకులు భావించారు. పక్కన పోల్చి చూడటానికి రెండో చోటు లేకపోయి ఉంటే అదంతా పీర్ల ఖాతాలో పడేది. దీనివల్ల పీర్లు దండగని తేలలేదు. పరీక్ష, చికిత్స అందుబాటులో లేని చోట పీర్ నోటిమాట ఒక్కటే ఎంత మోయగలదో, అవి ఉన్నచోట ఎంత అదనంగా మోస్తుందో వేరువేరుగా అడగాలని మాత్రం తేలింది.

పోలికను లెక్కగట్టడంలో ఇంకో పొరపాటు చాలాచోట్ల కనిపిస్తుంది. చీమకుర్తిలో ఒక క్వారీ తీసుకుందాం. అంకెలు ఊహకే. వందమంది కూలీల్లో 80 మంది ఇతర రాష్ట్రాలవాళ్లు, 20 మంది తెలుగువాళ్లు. ఒడిశా నుంచి వచ్చిన కుర్రాడికి పదిమంది స్నేహితులుంటే అందులో ఎనిమిది మంది బయటి రాష్ట్రాలవాళ్లే. తనలాంటివాళ్లతోనే తిరుగుతున్నాడని అనలేం. కళ్లు మూసుకుని పదిమందిని ఏరినా అక్కడ ఎనిమిది మంది అలాంటివాళ్లే వస్తారు. అదే తెలుగు కూలీ స్నేహితుల్లో పదికి ఎనిమిది మంది తెలుగువాళ్లే అయితే అది ఏరికోరి చేసిన స్నేహం. మొదటి పోలిక చోటు వల్ల వచ్చింది, రెండోది మనసు వల్ల వచ్చింది. పీర్‌ను ఎంచుకునేటప్పుడు ఈ తేడా అక్కరకొస్తుంది. ఆ క్వారీలో తెలుగు పీర్ ఒక్కరినే పెడితే మాట 20 మంది దగ్గరే ఆగిపోయే ప్రమాదం ఉంది.

నేను అన్నిటికన్నా ఎక్కువగా ఆలోచించేది మరో విషయం గురించి. కబురు నడిచే దారి, వైరస్ నడిచే దారి ఒకటి కాదు. కబురు పోలిక వెంట నడుస్తుంది. సెక్స్ వర్కర్ తన కష్టం చెప్పుకునేది మరో సెక్స్ వర్కర్‌తో. లారీ డ్రైవర్ మనసు విప్పేది మరో డ్రైవర్‌తో, ఏ సింగరాయకొండ దగ్గరో డాబా ముందు నులక మంచం మీద కూర్చుని. కానీ వైరస్ ఆ డ్రైవర్ నుంచి ఈ డ్రైవర్‌కు పోదు. డ్రైవర్ నుంచి సెక్స్ వర్కర్‌కు, ఆమె నుంచి ఇంకో విటుడికి, అతని నుంచి ఊళ్లో ఉన్న భార్యకు పోతుంది. ఆ భార్యకు ఈ గొలుసులో ఎవరితోనూ పోలిక లేదు. ఆమె ఏ హాట్‌స్పాట్ (సెక్స్ వర్కర్లూ విటులూ కలుసుకునే చోటు) పటంలోనూ లేదు. ఏ పీర్ లైన్ లిస్టులోనూ, అంటే పీర్ కలవాల్సినవాళ్ల జాబితాలోనూ, ఆమె పేరు ఉండదు. మొదటిసారి గర్భిణీ పరీక్షల్లోనే ఆమెకు ఈ సంగతి తెలియడం మన జిల్లాల్లో కొత్త కాదు.

స్వలింగ సంపర్కం ఉన్న మగవాళ్లలో, సూదులు పంచుకునేవాళ్లలో ఈ రెండు దారులూ చాలావరకు ఒకటే అవుతాయి. ఎవరితో మాట్లాడతారో వాళ్లతోనే ప్రమాదమూ పంచుకుంటారు. హార్ట్‌ఫర్డ్‌లోనూ బిలాక్సీలోనూ పీర్ మాట నేరుగా తగలాల్సిన చోటే తగిలిందంటే దానికి ఇదీ ఒక కారణమని నా అభిప్రాయం. మనదగ్గర ఆడ, మగ మధ్య నడిచే వైరస్‌కు అదే నమూనాను ఉన్నదున్నట్టు దించితే సగం దారి ఖాళీగా ఉండిపోతుంది. సెక్స్ వర్కర్ పీర్ ఎంత బాగా పనిచేసినా, కండోమ్ వద్దని పట్టుబట్టే మగవాడు ఆమె వలయం బయటివాడు. అతనితో మాట్లాడటానికి అతనిలాంటివాడే కావాలి. అందుకే డ్రైవర్లకు, వలస కూలీలకు విడిగా కార్యక్రమాలు పెట్టారు. ఈ రెండు జట్ల పీర్లు ఒకరినొకరు కలుసుకునే సందర్భం ఉంటే ఇంకా మేలు.

పోలికతో ఇంకో ఇబ్బంది ఉంది. అది రిజిస్టర్లలో కనబడదు. మన ఊళ్లలో భయపడేది తెలియనివాళ్లకు కాదు, తెలిసినవాళ్లకే. "మనోళ్లకు తెలిస్తే ఎట్టా" అన్న టెన్షన్ ముందు వైరస్ భయం కూడా చిన్నదైపోతుంది. పీర్ తనలాంటి మనిషి కాబట్టి నమ్ముతారు, నిజమే. తనలాంటి మనిషి కాబట్టే ఆమెకు తన వీధి, తన చుట్టాలు, తన అత్తగారి ఊరు అన్నీ తెలుసు. పీర్ అని పేరుపడ్డ మనిషి పక్కన టీ కొట్టు దగ్గర నిలబడితే చాలు, చూసినవాళ్లకు లెక్క తెలిసిపోతుంది. ఊళ్లో పరీక్ష వద్దనుకుని, బస్సెక్కి పక్క జిల్లాకు పోయేవాళ్లు అందుకే ఉంటారు. 2017లో వచ్చిన హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం మనిషి అనుమతి లేకుండా అతని హెచ్ఐవీ సంగతి బయటపెట్టకూడదు. ఆ చట్టం ఆస్పత్రిని కట్టడి చేయగలదు. వీధి చివర గుసగుసను ఆపలేదు. అలాంటిచోట కొంచెం దూరపు పీర్ నయం. పని ఒకటే, వయసు ఇంచుమించు ఒకటే, కానీ ఊరు వేరు.

దూరపు పరిచయాల బలం గురించి మార్క్ గ్రనోవెటర్ 1973లోనే రాశాడు. దగ్గరివాళ్లకు తెలిసింది మనకూ తెలిసే ఉంటుంది, కొత్త కబురు దూరపు పరిచయాల నుంచే వస్తుందని ఆయన వాదన. దీనికి సాక్ష్యం మన నెల్లూరు జిల్లాలోనే ఉంది. 1992లో దూబగుంట ఆడవాళ్లు ఊళ్లో సారా అమ్మనివ్వబోమని అడ్డం నిలబడ్డారు. ఊరి లోపల అది పోలిక బలమే. మొగుడు తాగొచ్చి కొడితే ఆ నొప్పి పక్కింటామెకు విడమర్చి చెప్పక్కర్లేదు. కానీ ఆ మాట ఊరు దాటి పక్క ఊళ్లకు, జిల్లా అంతటికీ ఎలా పోయింది? అంతకుముందే జిల్లాలో సాక్షరతా ఉద్యమం నడుస్తోంది. రాత్రి బడుల్లో ఆడవాళ్లు సీతమ్మ కథ అనే పాఠం చదువుకుని చర్చించుకున్నారు. వాచకం, వాలంటీర్లు, బడి అనే ఆ వల ఊరికీ ఊరికీ మధ్య దారి వేసింది. ఒకరినొకరు ఎన్నడూ చూడని ఆడవాళ్లు ఒకే పాఠం చదివి ఒకే పని చేశారు. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఊరి లోపల పోలిక మాటకు ప్రాణం పోసింది, ఊరి బయటికి దాన్ని మోసింది మాత్రం వేరే దారి.

హెచ్ఐవీ విషయంలో అలాంటి దారులు ఎవరు వేస్తారు? రెండు జట్లతోనూ కొద్దికొద్దిగా పరిచయం ఉన్నవాళ్లు. డాబా నడిపేవాడు, లాడ్జి కుర్రాడు, ఆటో డ్రైవర్, లారీ క్లీనర్. రాష్ట్రాలు తిరిగి వచ్చే మేస్త్రీ. వీళ్లు ఎవరికీ పూర్తిగా "తమలాంటివాళ్లు" కారు. పోలిక ఒక్కటే కొలబద్ద అయితే వీళ్లు ఎప్పటికీ లెక్కలోకి రారు.

ఫోన్ వచ్చాక గూళ్లే మారిపోయాయి. ఒకప్పుడు బస్టాండు, సినిమా హాలు వెనక సందు, రైల్వే గేటు అని పీర్‌కు చోటు తెలిసేది. ఇవాళ చాలామంది విటులతో ఫోన్లోనే మాట్లాడుకుంటున్నారు. 45 ఏళ్ల పీర్‌కు పాత హాట్‌స్పాట్‌లో అందరూ తెలుసు. ఇరవై రెండేళ్ల అమ్మాయి, వాట్సాప్‌లోనే పని నడుపుకునేది, ఆమెకు కనబడదు. వృత్తి ఒకటే అయినా ఇద్దరి లోకాలు వేరు. ఆ అమ్మాయి తనలాంటిది అనుకునేది తన ఫోన్లో ఉన్న మరో నలుగురిని. ఆ నలుగురిలో ఒకరు పీర్ కావాలి. సీనియారిటీ చూసి పీర్లను కొనసాగించే పద్ధతి ఇక్కడ నష్టం చేస్తుంది. పాత పీర్లను తీసేయమని నా ఉద్దేశం కాదు. వాళ్లు ఏళ్ల తరబడి కూడగట్టిన నమ్మకం ఇంకెవరికీ రాత్రికి రాత్రి రాదు. వాళ్ల పక్కన చిన్నవాళ్లను కూర్చోబెట్టాలి.

ఇవన్నీ తెలుసుకోవడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. పీర్ల దగ్గర ఇప్పటికే మైక్రోప్లానింగ్ కాగితాలు ఉన్నాయి. ఎవరిని ఎన్నిసార్లు కలిశారు, ఎన్ని కండోమ్‌లు ఇచ్చారు, పరీక్ష ఎప్పుడైంది, అన్నీ వాటిలో రాస్తారు. ఇంకో రెండు గడులు చేరిస్తే చాలు. పేరు రాయకుండా, కోడ్‌తోనే. ఈమెను మన దగ్గరికి ఎవరు తీసుకొచ్చారు? ఈమె ఇంకెవరిని తీసుకొచ్చింది? ఆరు నెలలకోసారి పరీక్ష ఎలాగూ ఉంది కాబట్టి ఆ రెండు గడులూ అప్పుడే మళ్లీ నింపవచ్చు. ఏడాది తిరిగేసరికి ఎవరు ముందు మారారు, ఎవరు తర్వాత మారారు, ఎవరి మాట ఎవరి దగ్గర ఆగిపోయింది అన్నది ఆ కాగితం మీదే కనిపిస్తుంది. ఏ గూళ్లలోకి ఇంకా ఎవరూ వెళ్లలేదో కూడా అక్కడే తెలుస్తుంది.

పీర్ అంటే ఎవరో తెలియనివాళ్లు, మనోళ్లకు తెలుస్తుందేమోనని ఆగిపోయినవాళ్లు 1097 నంబరుకు ఫోన్ చేయవచ్చు. పైసా ఖర్చు లేదు, పేరు చెప్పాల్సిన పని లేదు. ఐసీటీసీలో పరీక్ష, ఏఆర్‌టీ సెంటర్లో మందులు ఉచితం.